అల్ ఐన్‌లో మా ఎమ్మెల్యే గారు

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరాధన ముగిశాక, బయట మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే నా ఫోన్ మోగింది. అమెరికా నంబరు. ప్రొఫెసర్ గారి గొంతు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆయన ముందు అల్ ఐన్‌లో ఎండ ఎలా ఉందని అడుగుతారు. ఆ రోజు అడగలేదు.

"ఆమె నిన్న వెళ్ళిపోయింది సిస్టర్. పెద్దగా బాధపడలేదు. మీ అందరికీ చెప్పమంది" అన్నారు.

ఏం చెప్పమన్నారని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఏడ్చేవారేమో. ఫోన్ పెట్టేశాక సుగుణక్క నా మొహం చూసి "ఎవరే?" అంది.

"మన ఎమ్మెల్యే గారు పోయారక్కా."

సుగుణక్క ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే మెట్టు మీద కూర్చుండిపోయింది. లోపల్నుంచి వస్తున్న పిల్ల నర్సులు ఒక్కొక్కరే ఆగి, సంగతి విని, మెట్ల మీదే కూర్చున్నారు. వాచ్‌మన్ వచ్చి గేటు వేయాలని చెప్పేదాకా ఎవరూ లేవలేదు.

ఎమ్మెల్యే గారంటే ఇది చదివేవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఎవరో అనుకోవచ్చు. కాదు. ఆమె అమెరికన్. అక్కడ కూడా మనకున్నట్టే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో శాసనసభ ఉంటుందట. మొక్కజొన్న పండే, చలికాలమంతా మంచు కురిసే ఒక రాష్ట్రపు సభలో ఆమె పదహారేళ్ళు సభ్యురాలు. 2002లో ఓడిపోయారు. ఆ తర్వాత భర్తకు ఇక్కడి విశ్వవిద్యాలయంలో నేల గురించీ నీటి గురించీ పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తే ఆయన వెంట అల్ ఐన్ వచ్చారు. ఆమె అసలు పేరు మాకందరికీ తెలుసు. అయినా ఈ ఐదారేళ్ళలో ఆ పేరుతో మేము పిలిచింది లేదు. సుగుణక్క ఒకరోజు వేళాకోళానికి "ఎమ్మెల్యే గారు" అంది. ఆ మాటకు అర్థం తెలుసుకుని ఆమె చాలా సంతోషించారు. ఓడిపోయాక తనను అలా పిలిచింది మేమేనట.

ఇరాక్‌లో యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆమెను మొదటిసారి చూశాను. నేను నరసాపురం దగ్గర మా ఊరు వదిలి నర్సుగా ఈ గల్ఫ్ దేశానికొచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ప్రొఫెసర్ గారు మూత్రపిండంలో రాయితో మా వార్డులో చేరారు. ఆమె మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఆయన పాదాలు ఒత్తుతున్నారు. నా పేరు అడిగి రెండుసార్లు పలికారు. రెండోసారి సరిగ్గా పలికారు. తర్వాత, ఏ రోగి బంధువూ నన్ను ఎన్నడూ అడగని ప్రశ్న అడిగారు.

"మీ ఊరి తరఫున మీ శాసనసభలో ఎవరున్నారు?"

ఎవరో చెప్పాను.

"ఆయన మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చారా?"

"ఓట్లప్పుడు వచ్చారండి."

ఆమె గట్టిగా నవ్వారు. "మేమూ అంతే. నేనూ అదే పని చేసేదాన్ని" అన్నారు.

నేను డ్యూటీ రూములోకి వెళ్ళి సుగుణక్కతో చెబితే నమ్మలేదు. "ఎమ్మెల్యే అయితే మొగుడి కాళ్ళు నొక్కుద్దేంటే? గన్‌మెన్ ఏడి?" అంది.

పక్క మంచం మీద ఒక ఇరాకీ పెద్దాయన ఉండేవాడు. ఇక్కడెక్కడో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె ఏ దేశమో తెలియగానే ఆయన ఇంగ్లీషులో తిట్టడం మొదలుపెట్టాడు. మీ బాంబులు, మీ సైనికులు, మీ అబద్ధాలు. వార్డంతా చూస్తోంది. ఆమె లేచి తన కుర్చీని ఆయన మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆయన అలసిపోయేదాకా విన్నారు.

తర్వాత నేను ఉండబట్టలేక అడిగాను. "యుద్ధానికీ మీ రాష్ట్ర సభకూ సంబంధం లేదు కదండీ. ఆ మాట చెప్పొచ్చు కదా?"

"ఆ మాట నిజమే. కానీ ఆయనకు కావలసింది ఆ మాట కాదు. ఆయన అక్క బాగ్దాద్‌లో ఉంది. ఫోన్లు పనిచేయడం లేదు" అన్నారు.

నిజమైన మాటకూ కావలసిన మాటకూ తేడా ఉంటుందని ఆ రోజు తెలిసింది. రోగుల మధ్య ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను. ఆ తేడా ఇప్పటికీ నాకు ప్రతిసారీ పట్టుబడదు.

ప్రొఫెసర్ గారు ఇంటికెళ్ళాక ఆమె మమ్మల్ని వదల్లేదు. మాలో చాలామందికి వేరే దేశాలకు వెళ్ళాలని ఉండేది. దానికి ఇంగ్లీషు పరీక్ష అడ్డం. శుక్రవారాలు చర్చి వెనక గదిలో నేర్పుతానన్నారు. పుస్తకం తెచ్చేవారు కాదు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, మీకున్న కష్టమేదో రెండు నిమిషాల్లో చెప్పమనేవారు. వాళ్ళ సభలో కొత్త సభ్యులకు అంతే సమయమిచ్చేవారట. ఆ తర్వాత మైకు కట్టేసేవారట.

మేము ప్రతి ఒక్కరం "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" అనే మొదలుపెట్టేవాళ్ళం. ఆమె చెయ్యెత్తి ఆపేవారు. "కష్టం చెప్పుకునేవాళ్ళు క్షమాపణతో మొదలుపెడితే, వినేవాడు అప్పుడే సగం లేచి నిలబడతాడు. మళ్ళీ మొదలుపెట్టండి."

సుగుణక్కకు అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. ఆమెకు ఏ దేశమూ వెళ్ళాలని లేదు. అయినా వచ్చేది. ఒకరోజు లేచి మా హాస్టల్ నీళ్ళ ట్యాంకు సంగతి ఎత్తుకుంది. ఎన్నాళ్ళుగా కడగలేదో, నీళ్ళు ఎంత వాసనొస్తున్నాయో క్షమాపణ లేకుండా చెప్పింది. ఎమ్మెల్యే గారు చప్పట్లు కొట్టి, "ఇదే మాట ఇలాగే రేపు మీ ముదీర్‌కి చెప్పండి" అన్నారు. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. సుగుణక్క దారి పొడవునా గొణుక్కుంటూ వెళ్ళి చెప్పింది. వారం తిరక్కుండా ట్యాంకు కడిగారు. ఆ తర్వాత ఆ గదికి కుర్చీలు చాలలేదు.

ఆమె అలవాట్లు చిన్నవి. టీ ఎప్పుడూ అరకప్పే తాగేవారు. ఓట్లు అడగడానికి ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో ప్రతి ఇంట్లోనూ నిండుకప్పు తాగితే బతకడం కష్టమని నేర్చుకున్నారట. ఎవరింటికి వెళ్ళినా కూర్చోమనేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. ఊడ్చేవాళ్ళతో, డ్రైవర్లతో, డాక్టర్లతో ఒకేలా చెయ్యి కలిపేవారు. "చేస్తాను" అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఎవరేం చెప్పుకున్నా "అడుగుతాను" అనేవారు.

ఒకసారి నాకు సెలవు రోజున జబల్ హఫీత్ కొండ మీదికి కారులో తీసుకెళ్ళారు. ఆ మలుపుల్లో తన కథంతా చెప్పారు. పాల గేదెలున్న రైతు కూతురు. గేదెలన్నది నా అనువాదం, వాళ్ళకు ఆవులు. చిన్న ఊళ్ళో బడిపంతులు. ఆ బడిని మూసేస్తామంటే అడ్డుపడటానికి ఎన్నికల్లో నిలబడ్డారు. మొదటి ఎన్నికలకు చేతిలో కారు లేదు. ఒక విద్యార్థిని తండ్రి తన పాత ట్రక్కులో ఆమెను ఊరూరా తిప్పాడట. గెలిచారు. బడి నిలిచింది. సభలో చివరి వరుసలో కూర్చునేవారు. మంత్రి ఎప్పుడూ కాలేదు. "నా పేరుతో వంతెన లేదు. నేను అడగ్గా వేసిన ఒక కల్వర్టు ఉంది. దాని కింద నీళ్ళు బాగా పారతాయి" అన్నారు.

"ఓడిపోయినప్పుడు బాధపడ్డారా?" అని అడిగాను.

"ఓడిన రోజు కాదు. మర్నాడు. పొద్దున్నుంచీ ఫోన్ మోగలేదు. పాడైందేమోనని రెండుసార్లు ఎత్తి చూశాను."

కొండపైన గాలికి టోపీ పట్టుకుని, కింద కనిపిస్తున్న ఖర్జూరపు తోటలవైపు చాలాసేపు చూశారు. పదహారేళ్ళ కథలో ఆమె ఒక ముక్క దాటేశారని అప్పుడు నాకు తెలియదు.

అది 2006లో తెలిసింది, నూకరత్నం వల్ల.

నూకరత్నం రాజోలు మనిషి. అల్ ఐన్ శివార్లలో ఒక అరబ్బు ఇంట్లో పని. ఆ ఇంటి పెద్దావిడ తుంటి విరిగి మా ఆసుపత్రిలో చేరితే, తోడుగా వచ్చి ఆ గదిలోనే ఉంది. ఆవిడను అందరూ మామా కబీరా అనేవారు, పెద్దమ్మగారు అన్నట్టు. నూకరత్నం పెట్టకపోతే ఆవిడ ముద్ద ముట్టేది కాదు. తెలుగు మాట వినగానే నూకరత్నం నన్ను పట్టుకుంది.

"మా అమ్మకి గొంతులో పుండండి సిస్టరుగారు. ముద్ద దిగటం లేదంటండి. నన్ను చూడాలంటందంట."

"ఇంట్లో చెప్పావా?"

"ఆయ్, బాబాతో చెప్పానండి." బాబా అంటే పెద్దావిడ కొడుకు, ఆమె వీసాకు కఫీల్, అంటే పూచీదారు. "మామా నడిచాక చూద్దారి అన్నారు. ఆయన్ననడానికి లేదండి. నేనెల్లిపోతే ఈవిడ తిండి మానేస్తది. ఈవిడకి మాత్రం చెప్పకండి, దిగులెట్టుకుంటది."

ఆ శుక్రవారం ఎమ్మెల్యే గారికి చెప్పాను. ఆమె "అడుగుతాను" అన్నారు. మర్నాడే వచ్చారు, రోగిని పరామర్శించడానికి వచ్చినట్టు. అరబ్బుల ఇళ్ళలో రోగిని చూడవచ్చినవాళ్ళకు ఎంతో గౌరవం. ఫ్లాస్కులోంచి చిన్న కప్పుల్లో గహ్వా, వాళ్ళ కాఫీ, పోసి ఖర్జూరాలు పెట్టారు. ఎమ్మెల్యే గారిది ఇంగ్లీషు, పెద్దావిడది అరబ్బీ. మధ్యలో మేమిద్దరం. ఆమె మాట నేను తెలుగులో నూకరత్నానికి చెబితే, నూకరత్నం అరబ్బీలో పెద్దావిడకు చెప్పేది. పెద్దావిడ మాట అదే దారిన వెనక్కొచ్చేది. ఆ రోజు ఆవుల గురించీ ఒంటెల గురించీ మాట్లాడుకున్నారు. ఈనేటప్పుడు ఏది ఎక్కువ అల్లరి చేస్తుందో వాదించుకున్నారు. నూకరత్నం తల్లి మాటే రాలేదు.

బయటికొచ్చాక నేను ఆమె మొహంలోకి చూశాను.

"ముందు ఆమె నన్ను ఒక మనిషిగా చూడాలి. మొదటిసారి కలిసినప్పుడే నేను ఎవరినీ ఏదీ అడగలేదు. అడిగినవాళ్ళు మా సభలో ఎప్పుడూ ఓడిపోయేవారు" అన్నారు.

మరుసటి వారం మళ్ళీ వచ్చారు. ఈసారి మొగుళ్ళ గురించీ పిల్లల గురించీ. పెద్దావిడ ఆమెను పక్కనే మంచం మీద కూర్చోబెట్టుకుంది. సుగుణక్క విసుక్కుంది. "ఇదేం అడగడమే? వారవారం కాఫీ తాగిపోతన్నారు. అక్కడ ఆ ముసలామె గొంతు మూసుకుపోతంది."

మూడో వారం ఆమె వచ్చి కూర్చుని, మొదటి కప్పు అయ్యాక అడిగారు. "అమ్మా, మీకు సేవ చేసే ఈమె తల్లి చాలా జబ్బుగా ఉంది. కొన్నాళ్ళు ఈమెను ఇంటికి పంపండి."

నేను తెలుగులో చెప్పాను. నూకరత్నం తలదించుకుని దిండు సర్ది, అరబ్బీలో ఏదో ఒక్క మాట అంది. నాకు వచ్చింది వార్డు అరబ్బీయే అయినా, అందులో గహ్వా అన్న మాట వినబడింది. పెద్దావిడ మురిసిపోయి ఎమ్మెల్యే గారికి ఇంకో కప్పు పోసింది.

ఆమె ఆ కప్పు వైపు చూశారు, తర్వాత నా వైపు. "నేనన్నది ఈమె చెప్పలేదు కదూ?"

"లేదండి."

తన కష్టం తానే తర్జుమా చేయాల్సి వస్తే ఎవరికి నోరు పెగులుతుంది? ఎమ్మెల్యే గారు కప్పు కింద పెట్టి, పెద్దావిడనే చూస్తూ మెల్లగా మొదలుపెట్టారు. నేను ఒక్కో వాక్యం అందుకుని చెబుతూ వచ్చాను. ఆ మాటలు నాకూ అప్పుడే తెలిశాయి.

ఒక ఏడాది ప్రభుత్వం దగ్గర డబ్బు చాలలేదు. చిన్న ఊళ్ళలోని కాన్పుల వార్డులు మూసి, పెద్ద ఊరి ఆసుపత్రిలో కలపాలని బిల్లు వచ్చింది. చిన్న ఊళ్ళలో వైద్యులు దొరకడం లేదు, అది కూడా నిజమే. ఆమె దానికి ఓటు వేశారు. తన మాట వినే మరికొందరి చేత వేయించారు. తన సొంత ఊరి వార్డూ మూతపడింది. మరుసటి చలికాలం ఆమె పాత విద్యార్థిని ఒకమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పెద్ద ఊరికి బయలుదేరారు. మంచులో దారి మూసుకుపోయింది. ఆ అమ్మాయి దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. మొదటి ఎన్నికల్లో ట్రక్కులో తిప్పింది ఆ అమ్మాయి తండ్రే.

నూకరత్నం ఇదంతా తడబడకుండా అరబ్బీలో చెప్పింది. ఇంకొకరి కథ కాబట్టి చెప్పగలిగింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని విని, ఒక మాట అడిగింది.

"'ఆ పిల్ల తల్లి దగ్గరికెల్లావా' అంటన్నారండి" అంది నూకరత్నం.

"లేదు. నాకు ధైర్యం చాలలేదు. పూలు పంపాను" అన్నారు ఎమ్మెల్యే గారు.

నేను చెప్పాను. నూకరత్నం నోరు తెరిచింది, కానీ ఈసారి మాట రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దావిడ కళ్ళు తెరిచి, ఆమె మణికట్టు పట్టుకుని ఏదో అడిగింది. ఎందుకేడుస్తున్నావనే అయి ఉంటుంది. ఇక మధ్యలో చెప్పడానికి ఎవరూ లేరు. నూకరత్నం మంచం పక్కన నేల మీద కూలబడి తనే చెప్పుకుంది. "ఉమ్మీ, ఉమ్మీ" అన్న మాటే నాకు అర్థమైంది. మా అమ్మ, మా అమ్మ అని.

పెద్దావిడ చాలాసేపు ఆమె తల నిమిరింది. తర్వాత ఫోన్ అందుకుని కొడుకుతో గట్టిగా మాట్లాడింది. ఖలాస్, ఇక చాలు అని రెండుసార్లు అంది. ఆ వారంలోనే నూకరత్నం విమానమెక్కింది.

ఇక్కడితో ఈ కథ అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో. ఆమె హైదరాబాదులో దిగే ముందు రోజే తల్లి పోయింది. చిన్నదినం నాటికి రాజోలు చేరి, అక్కడి బూత్‌లోంచి నాకు ఫోన్ చేసింది.

ఎమ్మెల్యే గారింటికి వెళ్ళి చెప్పాను. ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నారు. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "మొదటి రోజే అడగాల్సింది" అన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట. "పదహారేళ్ళు నేర్చుకున్న విద్య ఇది. ఓపిక పట్టడం. సభలో అది మంచి విద్యే. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను."

"మొదటి రోజు అడిగితే ఆవిడ ఒప్పుకునేదో లేదో ఎవరికి తెలుసండీ" అన్నాను.

"అవును. అది ఇక ఎప్పటికీ తెలియదు."

నెల దాటాక నూకరత్నం తిరిగొచ్చింది. పెద్దావిడ చక్కెర తక్కువ తినాలని తెలిసీ ఆత్రేయపురం పూతరేకులు రెండు పొట్లాలు తెచ్చింది, ఒకటి ఆవిడకు, ఒకటి ఎమ్మెల్యే గారికి. ఎమ్మెల్యే గారు ఆమె రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు.

నూకరత్నం కంగారుపడింది. "అయ్యో, అలాగనకండి. మీరడగబట్టే కదండీ నేనెల్లింది. మా అన్నయ్య చెప్పాడండి. 'రత్నం బయల్దేరిందమ్మా' అని చెవిలో చెప్తే అమ్మ తలూపిందంటండి. ఇనే పోయిందండి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎమ్మెల్యే గారు ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను.

ఆ వేసవి సెలవులకు అమెరికా వెళ్ళినప్పుడు ఆమె ఆ పాత విద్యార్థిని ఇంటికి వెళ్ళారు. తిరిగొచ్చాక చాలా రోజులు ఆ సంగతి ఎత్తలేదు. నేను అడగలేదు. ఒక సాయంత్రం తోటలో నడుస్తుండగా తనే చెప్పారు.

"తల్లి తలుపు తీసింది. గుర్తుపట్టింది. ఏమందో తెలుసా? 'మా ఆయన వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నువ్వొస్తావనేవాడు. పోయినేడాది ఆయనా పోయాడు' అంది. అంతే. తలుపు వేసేసింది."

మేము నీటి కాలువ గట్టున నిలబడ్డాం. తోటమాలి ఎవరో పైన చెట్టెక్కి గెలలు కోస్తున్నాడు.

"ఓటు గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళూ నేను ఓటు గురించే సమాధానం సిద్ధం చేసుకుంటూ వచ్చాను. ఎందుకు వేశానో, లెక్కలేమిటో, వైద్యులు ఎందుకు లేరో. ఆ ఓటు తప్పని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కానీ వాళ్ళు ఎదురుచూసింది నా సమాధానం కోసం కాదు" అన్నారు.

"మళ్ళీ వెళ్తారా?"

"వెళ్తాను. ఆవిడ తలుపు తీయకపోయినా వెళ్తాను."

ఆమె నోట "అడుగుతాను" కాకుండా అలాంటి మాట విన్నది అదొక్కసారే. తర్వాతి వేసవిలో ప్రొఫెసర్ గారికి ఒంట్లో బాగోక వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. ఈ ఏడాది ఇంటికి తిరిగి వెళ్ళాక కొద్ది రోజులకే ఆమే నడవలేని స్థితికి వచ్చారు. ఆ ఇంటికి వెళ్ళలేకపోయారని ప్రొఫెసర్ గారు ఫోన్లో చెప్పారు. నేను అడగకుండానే చెప్పారు, అంటే ఆమె చివరిదాకా ఆ మాట అంటూనే ఉండి ఉండాలి.

కానీ ఇక్కడ మాత్రం ఆమె మారిపోయారు. ఎవరింట్లో ఏం జరిగిందని తెలిసినా ఆ పూటే వచ్చేసేవారు. కాఫీలు, ఆవుల కబుర్లు అన్నీ తర్వాత. మరుసటి ఏడాది మా నాన్న పోయినట్టు ఊరి నుంచి కబురొచ్చినప్పుడు నాకు సెలవు దొరకలేదు. హాస్టల్ గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. కూర్చోమనేదాకా గుమ్మంలో నిలబడే మనిషి, ఆ రోజు నేరుగా వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. డ్యూటీకి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేసరికి, గదిలో ఎంగిలి కప్పులన్నీ కడిగి బోర్లించి వెళ్ళారు.

ఈ వేసవి మొదట్లో ప్రొఫెసర్ గారి ఒప్పందం ముగిసింది. అప్పటికే ఆమె బాగా చిక్కిపోయారు. మేము నర్సులం, మాకు కనబడదా? అడిగితే ఎండ అన్నారు. పరీక్షలు చేయించుకోమని సుగుణక్క గొడవపెడితే "మా ఊరెళ్ళాక" అన్నారు. చివరి శుక్రవారం మా అందరి చేతా రెండేసి నిమిషాలు మాట్లాడించారు. ఆమె వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, మా మొహాలు ఒక్కొక్కటే చూసి, ఒక్కొక్కరి పేరూ పలికి కూర్చున్నారు. ఒక్క పేరు కూడా తప్పుగా పలకలేదు.

మాలో ఒక్కరికీ ఇప్పుడు అక్కడికి వెళ్ళే దారి లేదు. పూలైనా పంపిద్దామని ఎవరో అనబోయారు. సుగుణక్క వద్దంది. ఎందుకో మాలో కొందరికి తెలుసు. ఆమె కోసం చర్చి వెనక ఆ గదిలోనే ప్రార్థన చేసుకున్నాం. ఆమె నేర్పిన ఇంగ్లీషు పక్కనబెట్టి తెలుగులోనే చేసుకున్నాం.

నూకరత్నానికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె అవతల చాలాసేపు ఏడ్చింది. మూడో రోజు మధ్యాహ్నం మా హాస్టల్ గేటు ముందు ఒక పెద్ద తెల్ల కారు ఆగింది. నూకరత్నం ముందు దిగి, వెనక తలుపు తీసి, మామా కబీరాను నడిపించుకుంటూ వచ్చింది. మేము బిత్తరపోయాం. ఒక అరబ్బు పెద్దావిడ మా హాస్టల్‌కు రావడం ఎన్నడూ ఎరగం.

"మామా పరామర్శకొచ్చారండి. ఎమ్మెల్యేగారి మనుషులు ఈ ఊళ్ళో ఎవరున్నారని అడిగారు. మీరేనని చెప్పాను" అంది నూకరత్నం.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. పెద్దావిడ మా ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని అరబ్బీలో ఏదో అంది. నూకరత్నాన్ని చెప్పమని ఎవరమూ అడగలేదు. సుగుణక్క నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రలోంచి లేచిన మనిషి, జుట్టైనా ముడేసుకోకుండా ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చింది.

నాకు డ్యూటీ ఉంది. షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది. ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టబోతే పెట్టనీయలేదు. వెళ్ళమని చేత్తో సైగ చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూశాను. పొద్దుటి డ్యూటీ దిగిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఎవరీమె అని అడిగి, యూనిఫాంలోనే ఆవిడ చుట్టూ నేల మీద కూర్చుంటున్నారు. ఎండ వాలి ఆవిడ ఒళ్ళోకి వస్తోంది. నూకరత్నం కుర్చీ నీడకు జరపబోతే, ఆవిడ వద్దని తల ఊపింది. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చూశాను. ఆవిడ ఎండలోనే కూర్చుని ఉంది.